ఎకరం ముప్పై గుంటలు: ఆట జాగ, క్లబ్బు, మన చరిత్ర

ఫుట్‌బాల్ మైదానం పొడవు 105 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు. అంతర్జాతీయ పోటీల్లో వాడుకలో ఉన్న కొలత ఇది. మన లెక్కలో చెప్పాలంటే సుమారు ఎకరం ముప్పై గుంటలు. వాలీబాల్ కోర్టుకు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు చాలు, రెండు గుంటలు కూడా పట్టదు. కబడ్డీకి అంతకన్నా తక్కువ. నారాయణఖేడ్ దగ్గర మా మనూరు చుట్టుపక్కల ఏ మాలవాడకో మాదిగవాడకో పొద్దుగూకే యాళ్ళకు పోతే పిల్లలు కబడ్డీ ఆడుతుంటారు, లేదంటే రెండు గుంజలు పాతి నెట్టు కట్టి వాలీబాల్ ఆడుతుంటారు. ఫుట్‌బాల్ కనబడదు. "మనోళ్ళకు ఆ ఆట మీద మోజు లేదు" అని తేల్చేసేవాళ్ళున్నారు. మోజు సంగతి తర్వాత చూద్దాం. కూలికి పోయే ఇంటి పిల్లలకు ఎకరం ముప్పై గుంటల బీడు, ఎవడూ వచ్చి "ఇది నా పట్టా, లేవండి" అనని బీడు, ఎక్కడ దొరుకుతుంది? ఆటల చరిత్ర రాసినవాళ్ళు కప్పులు లెక్కపెట్టారు, గోల్స్ లెక్కపెట్టారు. గుంటలు మాత్రం లెక్కపెట్టలేదు.

ఈ వ్యాసం క్లబ్బు గురించి. మన వైపు క్లబ్బు అంటే పేకాట గుర్తొస్తుంది, లేదంటే తాలూకా కేంద్రంలో ఆఫీసర్ల క్లబ్బు. దళిత ఉద్యమ చరిత్ర రాసే మన పరిశోధకులు కూడా సంఘం, సభ, పత్రిక, పార్టీ దాకా వచ్చి అక్కడ ఆగిపోతారు. పని అయిపోయాక మనిషి ఎక్కడ కూచున్నాడు, ఎవరి పక్కన కూచున్నాడు, ఎవరితో ఆడాడు అన్నది చరిత్రలోకి రానే రాదు. మా దృష్టిలో ఇది చిన్న ప్రశ్న కాదు. పక్కన కూచోనియ్యకపోవడమే అంటరానితనం అయినప్పుడు, కూచునే చోటు చరిత్ర అంటరానితనం చరిత్రే అవుతుంది. క్లబ్బు నడవాలంటే నిలబడటానికి జాగ కావాలి, లోపలికి రావడానికి తలుపు కావాలి, పేరు ఎక్కించడానికి రిజిస్టరు కావాలి. జాగ ఎవరిది, తలుపు ఎవరికి తెరిచారు, రిజిస్టరు ఎవరి చేతిలో ఉంది అని అడుగుతూ హైదరాబాదు ఫుట్‌బాల్‌ను చూడాలని మా ప్రయత్నం. మనూరు నుంచి హైదరాబాదుకు పోవడం దారి తప్పడం కాదు. 1956 నవంబరు 1 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలో, హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. భాషల లెక్కన రాష్ట్రాలను విడదీసినప్పుడు మెదక్ జిల్లాకు వచ్చింది, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. మా మంది బతుకుదెరువుకు పట్నం పోయిందంటే ఆ పట్నం హైదరాబాదే.

ముందు బంతి సంగతి. ఇవాళ ప్లాస్టిక్ బంతులు వచ్చాయి గాని ఆ ఆట పుట్టి పెరిగిన కాలమంతా బంతి తోలుతోనే చేశారు. తోలు ఎవరి పని? చచ్చిన గొడ్డును మోసుకుపోయి, కోసి, సున్నంలో నానబెట్టి, తంగేడు చెక్కతో ఊనిన మాదిగలు మన ఊళ్ళలో మోట కుట్టారు, మోటకు తొండం కుట్టారు, చెప్పులు కుట్టారు, డప్పు మూశారు. దేశ్‌ముఖ్‌కూ, పటేలు పట్వారీలకూ వెట్టిగా ఇచ్చారు. ఆ తోలు మోట బావిలోంచి నీళ్ళు తోడి దొర పొలం పారిస్తే ఆ నీళ్ళు మైల పడలేదు, ఆ వడ్లు మైల పడలేదు. మోట కుట్టిన మనిషి బావి దగ్గరికి వస్తే మాత్రం మైల. బంతి విషయంలో ఈ నాటకం బహిరంగంగా బయటపడ్డ చోటు కాశ్మీరు. 1891లో శ్రీనగర్ మిషన్ బడి హెడ్మాస్టరు టిండేల్-బిస్కో ఫుట్‌బాల్ తెచ్చి పిల్లల ముందు పెట్టాడు. పిల్లల్లో ఎక్కువమంది బ్రాహ్మణులు. అది తోలుదని తెలిసి తన్నం పొమ్మన్నారు. సార్లు కట్టెలు పట్టుకొని చుట్టూ నిలబడి ఆడించారు. బంతి ఒక పిల్లవాడి మొహానికి తగిలితే ఆట ఆగిపోయింది, కాలవ దగ్గరికి తీసుకుపోయి కడిగాకనే మళ్ళీ సాగింది. ఈ కథను ఇంగ్లీషువాళ్ళు తమ నాగరికత గొప్పగా చెప్పుకున్నారు, కాబట్టి కొంత జాగ్రత్తగా చదవాలి. అయినా ఒక్క మాట తేలుతుంది: కాలితో తన్నడానికి కూడా పనికిరాని వస్తువును చేతులతో చేసే మనుషులు ఈ దేశంలో ఉన్నారు. దేశ విభజన తర్వాత సియాల్‌కోట నుంచి ఆట వస్తువుల తయారీ జలంధరుకు తరలింది. అక్కడ బంతులు కుట్టే పని ఎక్కువగా దళిత ఇళ్ళలోనే సాగింది. అదే జలంధరు గడ్డ మీద 1926లో మంగూరాం ఆద్ ధర్మ్ ఉద్యమం నడిపాడు. ఈ దేశపు మొదటి మనుషులం మేమే అన్న ఆ మాట అప్పటికే హైదరాబాదులో ఆది హిందూ పేరుతో వినబడుతూనే ఉంది.

ఇక తలుపు సంగతి. సికింద్రాబాదు క్లబ్బు 1878లో, నిజాం క్లబ్బు 1884లో మొదలయ్యాయి. మొదటిది కంటోన్మెంటు తెల్ల ఆఫీసర్లది, రెండోది సంస్థానపు ఉన్నతోద్యోగులది, జాగీర్దార్లది. వీటిలోకి మన వాళ్ళు పోలేదంటే తప్పు. కంటోన్మెంటు కొలువుల్లో బట్లర్లు, వంటవాళ్ళు, గుర్రాల సాయీసులు, ఊడ్చేవాళ్ళు ఎక్కువగా మాల, మాదిగ, పరయ కులాలవాళ్ళే. వాళ్ళు రోజూ పోయింది వెనక తలుపు నుంచి. ఆ వెనక తలుపే ఇంకో దారి కూడా తెరిచింది. వాళ్ళకు నెల జీతం వచ్చింది, ఊరి వెట్టి లేదు, చెవిలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు పడ్డాయి. మాదరి భాగయ్య చిన్నప్పుడు డోస్ సాంటోస్ అనే బారిస్టరు ఇంట్లో పనికి కుదిరి అక్కడే లోకం చూశాడు. ఆయనే తర్వాత భాగ్యరెడ్డివర్మ.

ఆయన పుట్టింది 1888 మే 22న. దానికి తొమ్మిది రోజుల ముందు, మే 13న, బ్రెజిల్ దేశం బానిసత్వాన్ని రద్దు చేసింది. ఒకదానికొకటి సంబంధం లేని తేదీలే. కానీ ఆ తేదీల తర్వాత అక్కడి నల్లవాళ్ళు, ఇక్కడి అంటరానివాళ్ళు నడిచిన దారులు పక్కపక్కన పెట్టి చూస్తే మన సంగతి మనకు బాగా తెలుస్తుందని మా ఉద్దేశం.

బ్రెజిల్ అనగానే పెలే, ప్రపంచ కప్పు. మనకు కావలసింది ఆ పెద్ద పేర్లు కావు, చిన్న క్లబ్బులు. పోర్తో అలెగ్రె పట్టణంలో 1872 డిసెంబరు 31న స్వేచ్ఛ పొందిన నల్లవాళ్ళు ఫ్లొరెస్తా అవురోరా అనే సంఘం పెట్టుకున్నారు. అప్పటికి బానిసత్వం ఇంకా పోలేదు. సంఘం మొదటి పని ఆట కాదు, పాట కాదు, చావు ఖర్చు. చచ్చిన నల్ల మనిషికి గౌరవంగా మట్టి ఇయ్యడానికి చందాలు వేసుకున్నారు. తర్వాత అందులోకి నాట్యం వచ్చింది, సంగీతం వచ్చింది, సాయంత్రపు కూడిక వచ్చింది. తెల్లవాళ్ళ క్లబ్బులు రానియ్యవు కాబట్టి ఇలాంటి నల్లవాళ్ళ సామాజిక క్లబ్బులు చాలా పట్టణాల్లో లేచాయి. అదే పోర్తో అలెగ్రెలో పెద్ద లీగులు నల్ల ఆటగాళ్ళను రానియ్యకపోతే వాళ్ళు సొంత లీగు నడుపుకున్నారు. ఎగతాళిగా దానికి పెట్టిన పేరు "నల్ల కాళ్ళ లీగు". ఆ ఎగతాళి పేరే చరిత్రలో మిగిలింది, లీగుకు వాళ్ళు పెట్టుకున్న అసలు పేరు ఎవరూ పలకరు. మన వాడల పేర్లకు ఏం జరిగిందో మనకు తెలియనిది కాదు.

మరి వాళ్ళకు జాగ ఎక్కడిది? సావో పాలోలో దీనికి ఒక మాట ఉంది, వార్జియా. అంటే ఏటి ఒడ్డున వరద నీళ్ళు వచ్చి పోయే పల్లపు నేల. మన శిఖం భూమి లాంటిది. ఎవరూ ఇల్లు కట్టరు, పంట నమ్మకం ఉండదు, కాబట్టి ఎవరూ వెళ్ళగొట్టరు. ఇంగ్లండులో చదివి 1894లో బంతి పట్టుకొని తిరిగొచ్చిన చార్లెస్ మిల్లర్ 1895లో మ్యాచ్ ఆడించింది అలాంటి నేల మీదనే. పెద్దింటి కుర్రాళ్ళు కొన్నాళ్ళకు గడ్డి పరిచిన సొంత మైదానాలకు పోయారు. కూలీలు, నల్లవాళ్ళు, ఇటలీ నుంచి వలస వచ్చిన పేదలు ఆ పల్లంలోనే వందల చిన్న క్లబ్బులు కట్టుకున్నారు. నేటికీ అక్కడ పేటల్లో ఆడే ఆటను వార్జియా ఫుట్‌బాల్ అంటారు. తర్వాత ఏళ్ళను మళ్ళించి, రోడ్లు వేసి, ప్లాట్లు చేసి అమ్మినప్పుడు ఆ నేల పోయింది. ఆ నేల మీది క్లబ్బులూ పోయాయి. క్లబ్బు చచ్చిపోవడానికి ఆటగాళ్ళు చచ్చిపోనక్కర్లేదు, జాగ పోతే చాలు.

రియో నగర శివార్లలో ఇంకో దారి కనబడుతుంది. బాంగు అనే బట్టల మిల్లులో 1904లో క్లబ్బు పుట్టింది. మిల్లే జాగ ఇచ్చింది. 1905లోనే ఫ్రాన్సిస్కో కార్రెగల్ అనే నల్లజాతి నేతపనివాడు ఆ జట్టులో ఆడాడు. బాగా ఆడే కార్మికుడికి మిల్లులో తేలిక పని ఇచ్చేవాళ్ళు. వాస్కో డ గామా క్లబ్బు పోర్చుగీసు వర్తకులది. నల్లవాళ్ళు, మిశ్రమ జాతివాళ్ళు, చదువులేని తెల్ల కూలీలు ఉన్న జట్టుతో అది 1923లో రియో చాంపియన్ అయ్యింది. అంతే, పెద్ద క్లబ్బులు వేరే లీగు కట్టాయి. ఆటగాడు ఏం పని చేసి బతుకుతున్నాడు, తన పేరు తాను రాసి సంతకం పెట్టగలడా అని విచారణలు పెట్టాయి. పన్నెండుమందిని తీసేస్తేనే రానిస్తామన్నాయి. 1924 ఏప్రిల్ 7న వాస్కో అధ్యక్షుడు జోసె అవుగుస్తో ప్రెస్తెస్ తీసెయ్యం అని ఉత్తరం రాశాడు. మీకు సరైన మైదానం లేదు కదా అన్న మాట కూడా వచ్చింది. సభ్యుల చందాలతో స్టేడియం కట్టి 1927 ఏప్రిల్ 21న తెరిచారు. ఈ ఉత్తరాన్ని ఇవాళ పెద్ద విప్లవంగా చెప్తున్నారు. మాకు కొంత అనుమానం ఉంది. ఆ వర్తకులకు నల్లవాళ్ళ మీద ప్రేమ ఎంతో, గెలుపు మీద ప్రేమ ఎంతో వేరు చేసి చూడాలి. కానీ సంతకం పరీక్షను గమనించండి. నీ రంగు మాకు అక్కర్లేదు, నీకు చదువు లేదు గనక వద్దంటున్నాం అని చెప్పడం అది. ప్రతిభ పేరుతో తలుపు మూసే పద్ధతి మనకు ఎంత పాతదో, వాళ్ళకూ అంత పాతది.

ఇప్పుడు హైదరాబాదుకు వద్దాం. భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. హరికథలు చెప్పించి, పుస్తకాలు చదివించి వాడల్లో మనుషులను కూడేశాడు. 1910 నుంచి బళ్ళు తెరిచాడు, కాలక్రమంలో అవి 26 దాకా పెరిగాయి. 1911లో మాన్య సంఘం, 1917లో బెజవాడ సభలో ఆది ఆంధ్ర అన్న పేరు, 1920ల మొదట్లో ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగు, చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం, 1931లో భాగ్యనగర్ పత్రిక. అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకట్రావు వేరే సంఘాలు నడిపారు. వాళ్ళ మధ్య గొడవలను పి.ఆర్. వెంకటస్వామి తన ఇంగ్లీషు పుస్తకంలో 1955లోనే మొహమాటం లేకుండా రాశాడు. ఈ చరిత్ర మన పాఠకులకు తెలిసిందే కాబట్టి వివరంలోకి పోము. మేం చెప్పదలచింది ఒకటే. ఫ్లొరెస్తా అవురోరా చేసిన పనుల్లో చాలా భాగం ఇక్కడ ఆది హిందువులు చేశారు. గది సంపాదించారు, బడి సంపాదించారు, పత్రిక సంపాదించారు. "సోషల్" అన్న మాటను క్లబ్బు గోడల మీంచి దించి వాడలోకి తెచ్చారు. మైదానం మాత్రం చేతికి రాలేదు. కల్లు మానండి, జోగిని ఆచారం మానండి, శుభ్రంగా ఉండండి అని చెప్పే ఉద్యమంలో పిల్లవాడు ఊకె బంతి తన్నుకుంటూ తిరగడానికి ఎంత చోటు ఉంటుంది? అప్పటి అవసరాలు అప్పటివి, తప్పు పట్టడం లేదు. కానీ తీరికను హక్కుగా అడగడం మనం ఆలస్యంగా నేర్చుకున్నాం.

అట్లా సంఘం ఒక దిక్కు, మైదానం ఇంకో దిక్కు అయిపోయాయి. హైదరాబాదులో పేదవాడి కాలికి మైదానం దొరికింది యూనిఫారం ద్వారా. కంటోన్మెంటు పరేడు మైదానాలు, పోలీసు లైన్లు, రైల్వే కాలనీల ఖాళీ స్థలాలు, మిషన్ బళ్ళ ఆవరణలు, ఇవీ మన వార్జియాలు. సర్కారు గుర్రాలకూ కవాతుకూ ఉంచుకున్న నేల మీద సాయంత్రం పూట సాయీసు కొడుకూ, బట్లరు కొడుకూ ఆడుకున్నారు. బొల్లారం, తిరుమలగిరి, అమ్ముగూడ, లాలాగూడ పేర్లు హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలో మళ్ళీ మళ్ళీ రావడానికి కారణం అదే. మార్నింగ్ స్టార్ క్లబ్బు, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బు, రైడర్స్ క్లబ్బు, ఎలెవెన్ హంటర్స్ వంటివన్నీ ఇట్లాంటి నేల మీది చిన్న క్లబ్బులు. ఆసియా ఖండంలోనే గొప్ప గోల్‌కీపరుగా పేరు తెచ్చుకున్న పీటర్ తంగరాజ్ మొదట ఆడింది మార్నింగ్ స్టార్‌కు, ఫ్రెండ్స్ యూనియన్‌కు. 1953లో సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంటు జట్టులో పెద్దవాడయ్యాడు. పెద్ద పుస్తకాల్లో ఈ చిన్న క్లబ్బులకు దక్కింది ఆ ఒక్క వాక్యమే, ఫలానా పెద్దవాడు ఇక్కడ మొదలుపెట్టాడని. తంగరాజ్‌తో పాటు ఆడి కూలికే పోయిన మిగతా పదిమంది ఆ వాక్యంలో లేరు.

హైదరాబాదు ఫుట్‌బాల్ అసోసియేషన్ 1939లో ఏర్పడింది. 1943లో సయ్యద్ అబ్దుల్ రహీం దానికి కార్యదర్శి అయ్యాడు, సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయ్యాడు. ఆయన బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్ళలో పాఠాలు చెప్పినవాడు. ఎలెవెన్ హంటర్స్ అనే చిన్న క్లబ్బులో ఆడి పైకొచ్చినవాడు. 1943లోనే బెంగుళూరు ఆష్ గోల్డ్ కప్పులో, ఇంగ్లండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ ఉన్న రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టును పోలీసు జట్టు ఓడించింది. 1948 సెప్టెంబరులో సైనిక చర్య జరిగింది. ఆ తర్వాత హైదరాబాదులో ముస్లింల కొలువులు ఎట్లా ఊడాయో, జిల్లాల్లో ఎన్ని ప్రాణాలు పోయాయో సుందర్‌లాల్ నివేదిక చెబుతుంది. బీదరు జిల్లా ఆ బాధ బాగా చూసిన జిల్లా, మా నారాయణఖేడ్ అందులోదే. కొన్నాళ్ళకే, ఎక్కువమంది ముస్లింలే ఉన్న ఈ పోలీసు జట్టు 1950లో ఢిల్లీకి పోయి మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. బొంబాయి రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు వీళ్ళదే. ఇంకో ఊరి జట్టు అయితే దేశమంతా పాటలు కట్టేది.

రహీం పద్ధతి పేదల ఆటకు సరిపడ్డ పద్ధతి. ఒంటి బలం మీద, ఒక్కడి విన్యాసం మీద ఆధారపడకుండా బంతిని చకచకా పక్కవాడికి ఇచ్చుకుంటూ పోవడం నేర్పాడు. బంతిని తనే పట్టుకొని తిప్పకూడదనే నిబంధనతో పోటీలు పెట్టాడు. చేతకాని కాలితోనే తన్నాలని పోటీలు పెట్టాడు. ఇందులో మాకు ఒక మంచి పంతులు కనబడతాడు. దేశం జట్టుకు ఆయన కోచ్‌గా ఉండగానే 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు వచ్చాయి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది. 1963 జూన్ 11న క్యాన్సర్‌తో పోయాడు. 2024లో బొంబాయివాళ్ళు ఆయన మీద హిందీ సినిమా తీస్తే గాని మన పిల్లలకు ఆ పేరు తెలియలేదు. సినిమా పేరు "మైదాన్". పేరు మాత్రం సరిగ్గా పెట్టారు.

తులసీదాస్ బలరాం 1936లో అమ్ముగూడలో పుట్టాడు. కంటోన్మెంటులో స్థిరపడ్డ పేద తమిళ కుటుంబం. రైడర్స్ క్లబ్బుకు, తర్వాత పోలీసు జట్టుకు ఆడి, 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు, 1962 బంగారు జట్టులో ఉన్నాడు. జబ్బు చేసి ఇరవై ఏడేళ్ళ లోపే ఆట మానాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో చనిపోయాడు. ఆయన చెప్పుకున్న చిన్ననాటి సంగతుల్లో మా మనసులో నిలిచింది బూట్ల సంగతి. 1948 లండన్‌లో మనవాళ్ళు కొందరు వట్టి కాళ్ళతో ఆడారు. 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడాక బూట్లు తప్పనిసరి చేశారు. పేదపిల్లవాడికి ఇంకో గోడ లేచింది. బలరాం తల్లిని బతిమాలి డబ్బులు తెచ్చి చెప్పులు కుట్టేవాడి దగ్గరికి పోతే, పోలీసులు పారేసిన పాత బూట్ల తోలు పనికి తెచ్చి అతను బూట్లు కుట్టిచ్చాడు. ఒలింపిక్స్ దాకా పోయిన కాళ్ళకు మొదటి బూట్లు కుట్టిన ఆ చేతుల పేరు ఏ రికార్డులోనూ లేదు. మేం రాయాలనుకునే ఫుట్‌బాల్ చరిత్రలో అతను ఆటగాళ్ళ వరసలోనే నిలబడతాడు.

ఇక్కడ పరిశోధక విద్యార్థులకు ఒక మాట. క్రికెట్‌లో పల్వంకర్ బాలూ కులం మనకు తెలుసు. చమార్ కులంలో పుట్టినవాడు, 1911లో ఇంగ్లండు పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసినవాడు, తోటి ఆటగాళ్ళ నుంచి దూరంగా మట్టి ముంతలో టీ తాగినవాడు. తెలియడానికి కారణం బొంబాయి క్రికెట్ హిందూ, పార్శీ, ముస్లిం జింఖానాలుగా చీలి ఉండటం. హిందూ జట్టుకు కెప్టెన్ ఎవరన్న తగాదాలో కులం పత్రికలకెక్కింది, చివరికి 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు కెప్టెన్ పదవి ఇయ్యక తప్పలేదు. హైదరాబాదు ఫుట్‌బాల్‌లో అట్లా కాదు. స్కోరు కార్డులో ఊరుపేరు లేదు, ఇంటిపేరు లేదు. క్రైస్తవ పేరు వెనక, తమిళ పేరు వెనక, వట్టి "బాబు", "రాజు" వెనక కులం కనబడదు. అది మంచిదే కదా అనేవాళ్ళుంటారు. మైదానం మీద మంచిదే. చరిత్రలో మాత్రం కులం రాయకపోతే ఆ గెలుపు అందరిదీ అయిపోతుంది, ఓడిపోయి కూలికి పోయిన జీవితం ఎవరిదీ కాకుండా పోతుంది. పేరు చూసి ఊహించి కులం అంటగట్టడం పరిశోధన కాదు. చర్చి బాప్తిస్మ రిజిస్టర్లు, పోలీసు సర్వీసు పుస్తకాలు, రైల్వే వర్క్‌షాపు మస్టర్లు, కంటోన్మెంటు ఇంటిపన్ను లెక్కలు, బతికున్న ముసలి ఆటగాళ్ళ నోటి మాట, ఇవన్నీ పక్కపక్కన పెట్టి చదివే ఓపిక కావాలి.

పోలీసు క్లబ్బును నెత్తిన పెట్టుకోవడం కూడా మాకు ఇష్టం లేదు. పేద కుర్రాడికి అది కానిస్టేబుల్ కొలువు ఇచ్చింది, కడుపునిండా తిండి పెట్టింది, దేశం చూపించింది. బాంగు మిల్లు చేసిన పని లాంటిదే. కానీ క్లబ్బు అతనిది కాదు. జాగ సర్కారుది, రిజిస్టరు పై ఆఫీసరు చేతిలో ఉంది. కొలువు ఉన్నంతకాలం, కాలు పనిచేసినంతకాలమే సభ్యత్వం. రహీం పోయాక, మంచి ఆటగాళ్ళు కలకత్తా బాట పట్టాక ఆ వెలుగు తగ్గిపోయింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలవడం దాని ఆఖరి పెద్ద మెరుపు అనుకోవచ్చు. పేటల చుట్టూ ఖాళీ జాగలు ప్లాట్లయ్యాయి, గోడలు లేచాయి. సావో పాలోలో ఏటి పల్లానికి జరిగిందే ఇక్కడా జరిగింది.

మనూరు ప్రాంతంలో క్లబ్బుకు దగ్గరగా వచ్చేది అంబేద్కర్ యువజన సంఘం. 1968లో గుల్బర్గాలో బి. శ్యాంసుందర్ భీమ్ సేన పెట్టినప్పుడు ఆ గాలి బీదరు వైపు ఊళ్ళకు తగిలింది. 1985 కారంచేడు, 1991 చుండూరు, ఆ మధ్యలో అంబేద్కర్ శతజయంతి, ఇవన్నీ కలిసి తెలంగాణ పల్లెల్లో వాడవాడకూ సంఘం బోర్డు తెచ్చాయి. ఉన్న ఊళ్ళో ఒక కమ్యూనిటీ హాలు ఉంటుంది, లేని ఊళ్ళో విగ్రహం గద్దెనే హాలు. క్యారం బోర్డు, పేపరు, వాలీబాల్ నెట్టు, చావు జరిగితే చందా, ఏప్రిల్ 14న ఊరేగింపు, ఆ ముందు రోజుల్లో కబడ్డీ పోటీలు. ఆది హిందువుల గదీ, కంటోన్మెంటు పిల్లల మైదానమూ ఇక్కడ రెండు గుంటల్లో కలిశాయి. ఒక లోపం చెప్పకుండా ఉండలేం. ఈ సంఘాల్లో ఆడపిల్ల సభ్యురాలు కాదు, క్యారం బోర్డు దగ్గరికి కూడా రాదు. పక్కనే జహీరాబాదు వైపు దళిత స్త్రీల సంఘాలు బీడు భూములు కలిసి సాగుచేసి చూపించాయి. భూమి విషయంలో మన యువజన సంఘాల కన్నా ఆ తల్లులే ముందున్నారు.

కొన్ని ఏళ్ళ ఎండాకాలం మంజీర ఒడ్డున నీళ్ళు వెనక్కి పోయి నేల బయటపడుతుంది. పిల్లలకు పెద్ద ఆట ఆడుకునేంత జాగ అక్కడ దొరుకుతుంది. అది కొలిచినవాళ్ళు లేరు, అడిగినవాళ్ళు లేరు, వానలు పడితే ఉండదు. మేం ప్రస్తుతం చేస్తున్న పని వేరే. సంఘాల పాత నోటుబుక్కులు చెదలు పట్టకముందు నకళ్ళు తీస్తున్నాం. చాలావరకు బడి పిల్లల రూళ్ళ పుస్తకాలే. చేతిరాత ఒక్కో ఏడు ఒక్కో రకం, ఎవరు పదో తరగతి దాకా పోతే వాళ్ళు రాశారు. జయంతికి టెంటు కిరాయి, డప్పోళ్ళకు ఇచ్చింది, కొత్త నెట్టు ఖరీదు, చచ్చిపోయినోళ్ళ ఇంటికి ఇచ్చిన సాయం ఒకే పేజీలో వరసగా ఉంటాయి. చివర సంతకాలు, సంతకం రానివాళ్ళవి వేలిముద్రలు.